పట్టాలు ఒకరివి, బండి ఇంకొకరిది

సంపాదకుల వారికి నమస్కారాలు.

కిందటి వారం తిరుపతి స్టేషన్లో కేరళ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తూ బెంచీ మీద కూర్చుని ఉండగా, పక్కన నిలబడిన ఇద్దరు యువకుల మాటలు నా చెవిన పడ్డాయి. అమెరికా అంతటి దేశంలోనే దూరప్రయాణానికి రైలెక్కేవాడు లేడని, విమానాలు వచ్చాక అక్కడ రైళ్లు మూలన పడ్డాయని, మనం మాత్రం ఇంకా స్లీపరు బండ్లకూ చిన్న స్టేషన్ల హాల్టులకూ డబ్బు పోస్తున్నామని వారిలో ఒకరు అన్నారు. చదువుకున్న పిల్లలే. ఈ మాట నేను వినడం అదే మొదటిసారి కూడా కాదు. పెళ్లిపందిళ్లలో విన్నాను, పొద్దున నడకకు వెళ్లినప్పుడు పెద్దవాళ్ల నోటా విన్నాను. ఇందులో మొదటి సగం నిజం కాదు కనుక, దాని మీద నిలబెట్టిన రెండో సగానికి కూడా ఆధారం లేదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గుంతకల్లు డివిజన్లో 34 ఏళ్లు గార్డుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అని పిలుస్తున్నారు. మా అమ్మాయి కుటుంబం షికాగో పక్కనే ఉన్న నేపర్‌విల్ అనే ఊళ్లో ఉంటుంది, అబ్బాయి శాక్రమెంటో దగ్గర ఉంటాడు. 2024 మే నెలలో మా దంపతులం అక్కడికి వెళ్లినప్పుడు, పిల్లలు విమానం టికెట్లు తీస్తామన్నా వద్దని, నేపర్‌విల్ నుంచి శాక్రమెంటో దాకా కాలిఫోర్నియా జెఫిర్ అనే బండిలో రెండు రాత్రులూ సీట్లలోనే కూర్చుని వెళ్లాం. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ కట్టుకుంది. అంతకు ముందూ ఆ తర్వాతా ఈ విషయం మీద నాకు దొరికినదంతా చదివాను. నా మాటల్లో రైల్వే ఉద్యోగి పక్షపాతం ఉంటే ఉండవచ్చు గానీ, అంకెలు మాత్రం నావి కావు.

అమెరికాలో ఊరికీ ఊరికీ మధ్య నడిచే ప్రయాణికుల రైళ్లు దాదాపు అన్నీ ఆమ్‌ట్రాక్ అనే సంస్థవే. పేరుకు కంపెనీయే అయినా పెట్టుబడి దాదాపు అంతా ఫెడరల్ ప్రభుత్వానిది. 1970లో చేసిన చట్టంతో పుట్టి, 1971 మే 1న తొలి బండ్లు నడిపింది. 750 మైళ్లకు మించిన దారులను, అంటే మన లెక్కలో సుమారు 1,200 కిలోమీటర్లు దాటినవాటిని, దూరప్రయాణపు దారులుగా పరిగణిస్తారు. మేము వెళ్లిన నాటికి అలాంటివి 15 ఉన్నాయి. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి ఇవతలి ఒడ్డున ఉన్న ఎమరీవిల్ దాకా 2,438 మైళ్లు నడిచే జెఫిర్ వాటిలో ఒకటి. షికాగో నుంచి సియాటెల్‌కు ఎంపైర్ బిల్డర్, లాస్ ఏంజెలెస్‌కు సౌత్‌వెస్ట్ చీఫ్, న్యూయార్క్ నుంచి న్యూ ఆర్లియన్స్‌కు క్రెసెంట్, ఇలా ప్రతి బండికీ మన వెంకటాద్రి, నారాయణాద్రి, పద్మావతి మాదిరిగా ఒక పేరుంది.

ఎక్కేవాడు లేడన్న మాట సంగతి చూద్దాం. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమ్‌ట్రాక్ 3 కోట్ల 28 లక్షల ప్రయాణాలు నమోదు చేసింది. ఆ సంస్థ చరిత్రలో అప్పటికి అదే అత్యధికం. మరుసటి ఏడాది ఆ అంకెను కూడా దాటి 3 కోట్ల 45 లక్షలకు చేరింది. 2024 మొత్తంలో దూరప్రయాణపు బండ్ల వాటా సుమారు 42 లక్షలు. లోకల్ రైళ్లతో కలిపి మన రైల్వేలు రెండు రోజుల్లో మోసేంతమందిని ఆమ్‌ట్రాక్ ఏడాదంతా మోస్తోంది కనుక, మన పక్కన పెడితే ఇది చిన్న లెక్కే. అయితే ఆ 42 లక్షలమంది ఎన్ని బండ్లలో వెళ్లారో కూడా చెప్పాలి. ఆ 15 దారుల్లో చాలావాటిలో రోజుకు ఒక దిక్కున ఒకే ఒక బండి నడుస్తుంది. సన్‌సెట్ లిమిటెడ్, కార్డినల్ అనే రెండు బండ్లు వారానికి మూడు రోజులే తిరుగుతాయి.

ఒక్కో ఊరిని తీసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. మన వాళ్లు వేలాదిగా స్థిరపడిన హ్యూస్టన్‌లో 20 లక్షలకు పైగా జనాభా ఉంది. ఆ మహానగరానికి వచ్చే దూరప్రయాణపు బండి వారానికి మూడుసార్లు నడిచే ఆ సన్‌సెట్ లిమిటెడ్ ఒక్కటే. డాలస్ నుంచి హ్యూస్టన్‌కు దూరం సుమారు 240 మైళ్లు, అంటే తిరుపతి నుంచి విజయవాడకు ఎంతో ఇంచుమించు అంతే, వాటి మధ్య నేరుగా నడిచే ప్రయాణికుల రైలు ఒక్కటీ లేదు. ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌కు 1979 నుంచి రైలు లేదు. అరిజోనా రాజధాని ఫీనిక్స్‌కు 1996లో పోయిన బండి మళ్లీ రాలేదు. క్లీవ్‌లాండ్‌కు దూరప్రయాణపు బండ్లు ఉన్నాయి గానీ, టైం టేబుల్ ప్రకారమే అవి అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు వస్తాయి. ఇలాంటి చోట రైలెక్కేవాడు లేడనడం, వంట వండకుండా ఎవరికీ ఆకలి లేదనడం లాంటిది.

ఒకప్పుడు ఈ విద్యలో ప్రపంచానికి దారి చూపినవాళ్లు వాళ్లే. 1869 మే 10న ఉటాలోని ప్రామంటరీ సమ్మిట్ దగ్గర తూర్పు పట్టాలనూ పడమటి పట్టాలనూ కలిపారు. 1916 నాటికి ఆ దేశంలో రైలుమార్గాల పొడవు రెండున్నర లక్షల మైళ్లు దాటింది. షికాగోలోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో పయనీర్ జెఫిర్ అనే 1934 నాటి డీజిల్ బండిని భద్రపరిచారు. మనవడి చెయ్యి పట్టుకుని దాని పక్కన చాలాసేపు నిలబడ్డాను. స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లు, అడ్డంగా గీతలు గీసినట్టున్న రేకులు, ముక్కు కిందికి వంగిన ముందు భాగం, తొంభై ఏళ్ల కిందటి బండి అంటే నమ్మబుద్ధి కాలేదు. 1934 మే 26న ఆ బండి డెన్వర్‌లో తెల్లవారుజామున బయలుదేరి 1,015 మైళ్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తి, 13 గంటల 5 నిమిషాల్లో షికాగో చేరింది. అది ప్రత్యేకంగా దారి ఖాళీ చేయించి నడిపిన ప్రదర్శన పరుగు అన్నది నిజమే. ఆ మినహాయింపు ఇచ్చుకున్నా, అదే రెండు ఊళ్ల మధ్య ఈనాటి జెఫిర్‌కు 18 గంటలకు పైగా పడుతోందని తెలిసినప్పుడు, జీవితమంతా బండి వెనక పెట్టెలో గడియారం చూసుకుంటూ గడిపిన నాకు మనసు చివుక్కుమంది.

వేగం తగ్గడానికి ఒక కారణం మా అమ్మాయి ఊళ్లోనే ఉంది. 1946 ఏప్రిల్ 25న నేపర్‌విల్ స్టేషన్ దగ్గర ఆగి ఉన్న ఒక ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి ఇంకో ఎక్స్‌ప్రెస్ గుద్దింది. 45 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వ నియంత్రణ సంస్థ, ఇంజనులోనే సిగ్నల్ కనబడే ఏర్పాటో, బండిని దానంతట అదే ఆపే ఏర్పాటో లేని దారిలో గంటకు 80 మైళ్లు గానీ అంతకు మించి గానీ నడపకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉద్దేశం ఆ ఏర్పాట్లు పెట్టించడం. ఖర్చు భరించలేక చాలా కంపెనీలు వేగాన్నే తగ్గించుకున్నాయి. అప్పటి నుంచి ఆ దేశంలో అధిక భాగం దారుల్లో ప్రయాణికుల బండి గరిష్ఠ వేగం 79 మైళ్లు, అంటే గంటకు 127 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. మృతుల స్మారకంగా ఆ స్టేషన్ దగ్గర ఒక శిల్పాన్ని నిలబెట్టారు. బండి కోసం వెళ్లిన రోజున మా ఆవిడ దాని ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1956 చట్టంతో ప్రభుత్వం దేశమంతటా ఇంటర్‌స్టేట్ రహదారులు వేసింది, ఆ వెనకే జెట్ విమానాలు వచ్చాయి, 1967లో తపాలా శాఖ రైళ్ల నుంచి ఉత్తరాల సంచులను చాలామటుకు తప్పించింది. ప్రయాణికుల టికెట్ల కన్నా ఆ తపాలా కిరాయి మీదే బతుకుతున్న బండ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ప్రైవేటు రైలు కంపెనీలు ప్రయాణికుల బండ్లు మాకు వద్దు మొర్రో అని మొత్తుకున్నాయి. అప్పుడు పుట్టిందే ఆమ్‌ట్రాక్. అది మొదలైన రోజునే మిగిలిన బండ్లలో దాదాపు సగం ఆగిపోయాయి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. ఆమ్‌ట్రాక్ బండ్లు తిరిగే 21,000 మైళ్లకు పైబడిన దారుల్లో దాని సొంత పట్టాలు చాలా కొద్ది. అవి కూడా ఎక్కువగా బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్ మధ్యనే ఉన్నాయి. దూరప్రయాణపు బండి దాదాపు దారి పొడవునా గూడ్సు కంపెనీల పట్టాల మీదే నడవాలి. పట్టా వాళ్లది, సిగ్నల్ వాళ్లది, బండిని ఎక్కడ ఆపాలో ఎక్కడ పోనివ్వాలో నిర్ణయించే కంట్రోలరు కూడా వాళ్ల జీతగాడే. మన వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, గుంతకల్లు కంట్రోల్ ఆఫీసును ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల చేతిలో పెట్టి, రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌ను సమయానికి నడపమని వాళ్లను వేడుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సింగిల్ లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి లూప్ లైన్లోకి తప్పుకోవాలి. రేణిగుంట, కడప దారి సింగిల్ లైనుగా ఉన్న రోజుల్లో మామండూరు, బాలపల్లి, కోడూరు లూపుల్లో గూడ్సు బండితో సహా నేను నిలబడిన రాత్రులకు లెక్క లేదు. ఎక్స్‌ప్రెస్ దీపాలు దాటిపోయేదాకా గూడ్సు చివర గార్డు ఉండే బ్రేకువ్యాన్లో పచ్చజెండా చుట్టి పట్టుకుని కూర్చునేవాళ్లం. మాకు అది చిన్నతనమని ఎన్నడూ అనిపించలేదు. మనుషులున్న బండి ముందు పోవాలి, బొగ్గున్న బండి వెనక పోవాలి, అంతే. మన దగ్గర లూపు పొడవు 686 మీటర్లుంటే 58 వ్యాగన్ల రేకు, అంటే పూర్తి గూడ్సు బండి, అందులో సరిపోతుంది. లూపులో పట్టని బండిని దారిలో పెడితే జరిగేదేమిటో ఏ స్టేషన్ మాస్టరును అడిగినా చెబుతాడు.

అమెరికాలో ఆ తప్పునే పద్ధతిగా మార్చారు. ఖర్చు తగ్గించుకోవడానికి గూడ్సు కంపెనీలు కొన్నేళ్లుగా బండ్ల సంఖ్య తగ్గించి వాటి పొడవు పెంచుతూ వచ్చాయి. రెండు మైళ్ల బండి ఉంది, మూడు మైళ్లకు చేరువైనవీ ఉన్నాయి. ఐయోవాలో మా బండి జంట లైన్ల మీద పోతుండగా పక్క లైన్లో ఒక గూడ్సు ఎదురైంది. కంటైనర్లు ఒకదాని మీద ఒకటి రెండంతస్తులుగా పేర్చి ఉన్నాయి. అలవాటు కొద్దీ వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి 140 దగ్గర లెక్క తప్పాను, బండి మాత్రం ఇంకా పోతూనే ఉంది. జంట లైన్ల మీద అది చూడముచ్చటైన దృశ్యమే. సింగిల్ లైను మీద అయితే అంత పొడవున్న బండి చాలా లూపుల్లో పట్టదు కనుక, చట్టం ఏం చెప్పినా, కంట్రోలరు మనసులో ఏమున్నా, లూపులోకి పోయి నిలబడవలసింది ప్రయాణికుల బండే.

చట్టం చెప్పేది మాత్రం స్పష్టంగానే ఉంది. గూడ్సు కన్నా ఆమ్‌ట్రాక్ బండికి ముందు దారి ఇవ్వాలని 1973లోనే కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, నిర్దేశించింది. ఇది కంపెనీల మీద మోపిన దండుగ కాదు. ప్రయాణికుల బండ్ల భారం, వాటి నష్టం అంతా ప్రభుత్వం తన నెత్తికెత్తుకుని కంపెనీలను ఆ బాధ్యత నుంచి విడిపించింది. పట్టాలు వాడుకోనివ్వడం దానికి బదులుగా ఒప్పుకున్నదే. అయితే చట్టాన్ని అతిక్రమిస్తే కోర్టుకు వెళ్లే అధికారం ఆమ్‌ట్రాక్‌కు లేదు, కేంద్ర న్యాయశాఖకే ఉంది. ఆ శాఖ ఇన్నేళ్లలో కోర్టు మెట్లెక్కింది రెండే రెండుసార్లు. మొదటిది 1979లో సదరన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ మీద, రెండోది 2024 జూలైలో నార్‌ఫోక్ సదరన్ మీద. ఆ రెండో దావాలో న్యాయశాఖ చెప్పిన ప్రకారం, 2023లో దక్షిణానికి వెళ్లే క్రెసెంట్ బండ్లలో గమ్యానికి సమయానికి చేరినవి నూటికి 24 మాత్రమే. నూటికి 76 రోజులు ఆలస్యంగా వచ్చే బండిని నమ్ముకుని పెళ్లికి ఎవరు బయలుదేరతారు? ఆ తర్వాత జనం ఎక్కడం లేదని అదే బండి మీద నేరం మోపితే అది న్యాయం ఎలా అవుతుంది?

గూడ్సు కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. ఆ పట్టాలు వాళ్ల సొమ్ముతో నిలబడుతున్నవి, వాటి మీద వాళ్లు పన్ను కడుతున్నారు, ఆమ్‌ట్రాక్ మాత్రం తన బండి వల్ల అదనంగా అయ్యే ఖర్చే ఇస్తుంది. వాళ్ల ఫిర్యాదులో న్యాయం కొంత ఉంది. దానికి మందు లూపులు పొడిగించడం, జంట లైన్లు వేయడం, అవసరమైన చోట ప్రభుత్వం ఆ ఖర్చు భరించడం. మనుషులను ఎండలో, మంచులో నిలబెట్టడం మందు కాదు.

ఇంత చెప్పాక, ఆ బండిలో ఎక్కేది ఎవరో కూడా చెప్పాలి. పర్యాటకులే ఎక్కుతారని నేనూ అనుకున్నాను. నెబ్రాస్కాలో మకూక్ అనే ఊరుంది, ఏడువేల పైచిలుకు జనాభా, అంటే మన పాకాల కన్నా చిన్న ఊరు. మా బండి అక్కడికి వేకువన నాలుగు గంటల లోపు చేరింది. నాకు నిద్ర పట్టక కిటికీ దగ్గర ఉన్నాను. అటెండెంటు తలుపు తీసి పసుపు రంగు మెట్టుపీట ఒకటి నేల మీద పెట్టాడు, ఒక చేత్తో టార్చిలైటు దాని మీదికి కొట్టాడు, రెండో చెయ్యి అందించాడు. చంకలో తలగడ పెట్టుకున్న ఒక పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఆమె ఒక్కతే. ఆమె కూర్చోగానే, ఎక్కడ దిగాలో మూడక్షరాల్లో రాసిన చీటీని అటెండెంటు సీటు పైనున్న పట్టీకి గుచ్చాడు, నిద్రపోయినా దిగవలసిన చోట లేపడానికి. అరవై సెకన్లలో బండి కదిలింది. గార్డుగా నాకు ఆ నిమిషం చాలా నచ్చింది.

తెల్లవారాక అద్దాల పెట్టెలో ఆమె మా పక్కనే కూర్చుని మాట కలిపింది. కంటి ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి డెన్వర్ పెద్దాసుపత్రికి వెళుతోందట. దూరం సుమారు 250 మైళ్లు. చీకట్లో కారు నడపడం డాక్టరు వద్దన్నారు, పిల్లలు వేరే రాష్ట్రంలో ఉన్నారు, ఈ బండి లేకపోతే తాను ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలని చెప్పింది. మా ఆవిడ ఇచ్చిన పులిహోర రెండు చెంచాలు తిని, పసుపు రంగు ఎందుకు వచ్చిందని అడిగింది. మా బండి డెన్వర్‌కు టైం కన్నా పాతిక నిమిషాలు ముందే చేరింది. టైం టేబుల్లో పెద్ద స్టేషన్ల ముందు ఆలస్యాన్ని సర్దుకోవడానికి కొంత రికవరీ టైం కలిపి ఉంచుతారు, మనమూ అదే చేస్తాం.

షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు రెండు రాత్రులు రైల్లో ఎవరు పోతారని ఎగతాళి చేసేవారు ఇక్కడే పొరబడుతున్నారు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వెళ్లేవారు కొద్దిమందే. అంత దూరం తొందరగా పోవలసినవాడికి విమానమే సరి, అందులో నాకు వాదం లేదు. దూరప్రయాణపు బండి మధ్య ఊళ్లను ఒకదానితో ఒకటి కలుపుతుంది. ఒకే సీటు దారిలో ముగ్గురికి, నలుగురికి పనికొస్తుంది. కేరళ ఎక్స్‌ప్రెస్‌లో తిరువనంతపురంలో ఎక్కి ఢిల్లీలో దిగేవారు ఎందరు? కొండకు వచ్చిన మలయాళీలు తిరుపతిలో దిగుతారు, వాళ్లు లేచిన సీట్లలో విజయవాడకో వరంగల్లుకో పోయే మనవాళ్లు కూర్చుంటారు. మోంటానా రాష్ట్రపు ఉత్తర కొసన వోల్ఫ్ పాయింట్, మాల్టా, హేవర్, షెల్బీ లాంటి ఊళ్లకు ఎంపైర్ బిల్డర్ చేసేది అదే పని. వాటిలో చాలా ఊళ్లకు బయటి ప్రపంచంతో కలిపే వేరే ప్రజా రవాణా చాలా తక్కువ.

నష్టాల మాటకు వద్దాం. దూరప్రయాణపు బండ్లు నష్టంలోనే నడుస్తున్నాయి, దాచవలసిన పని లేదు. మొత్తం ఆమ్‌ట్రాక్‌కు 2024లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన సాలుసరి గ్రాంటు సుమారు 240 కోట్ల డాలర్లు. అది వృథా అనేవారు రహదారుల లెక్క కూడా చూడాలి. అక్కడ పెట్రోలు మీద ఫెడరల్ పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 తర్వాత ఒక్క సెంటు పెరగలేదు. రహదారుల నిధికి ఆ పన్ను చాలక, 2008 నుంచి సాధారణ ఖజానా నుంచి బదిలీ చేసిన సొమ్ము 25,000 కోట్ల డాలర్లు దాటింది. రోడ్డుకు ఇస్తే అభివృద్ధి, రైలుకు ఇస్తే నష్టం అని రాసే లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

పెట్టెల పరిస్థితి చూసి నాకు జాలేసింది. పడమటి దారుల్లో నడిచే రెండంతస్తుల సూపర్‌లైనర్ పెట్టెల్లో మొదటి విడత 1979లో రావడం మొదలైంది, రెండో విడత 1990లలో వచ్చింది. కొత్త ఇంజన్లు వచ్చాయి గానీ, ఈ పెట్టెల స్థానంలోకి రావలసినవి ఇంకా పట్టాలెక్కలేదు. మన దగ్గర చెన్నై ఐసీఎఫ్ కర్మాగారంలో తయారైన పెట్టెకు 25 ఏళ్ల ఆయుష్షు లెక్కగట్టేవాళ్లం. 40 ఏళ్లు దాటిన పెట్టెను రోజూ కొండలెక్కించి దింపుతూ, మంచులోనూ ఎడారిలోనూ నడుపుతున్న అక్కడి డిపో పనివాళ్ల చేతులకు, మన తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసిన నా స్నేహితులందరి తరఫునా నమస్కరిస్తున్నాను.

ఒకసారి ఆపిన బండిని తిరిగి తేవడం ఎంత కష్టమో కూడా ఆ దేశమే చూపిస్తుంది. 1979లో నార్త్ కోస్ట్ హయావతాతో సహా అనేక బండ్లు ఒకేసారి రద్దయ్యాయి, 1997లో పయనీర్, డెజర్ట్ విండ్ పోయాయి, వాటిలో ఒక్కటీ ఇంతవరకు తన పాత దారిలో పూర్తిగా తిరిగి రాలేదు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్‌కు తూర్పున బండ్లు తాత్కాలికంగా నిలిపారు. గూడ్సు కంపెనీలు నెలల్లోనే ఆ పట్టాలు బాగుచేసుకున్నాయి. ప్రయాణికుల బండి మాత్రం న్యూ ఆర్లియన్స్ నుంచి మొబీల్ అనే ఊరిదాకా, అదీ ఆ పాత దారిలో ఒక చిన్న తునక మీద, 2025 ఆగస్టు 18న మళ్లీ నడిచింది. తాత్కాలికం అన్న మాటకు ఇరవై ఏళ్లు పట్టింది. కోవిడ్ నాడు తీసేసిన హాల్టులను గురించి మన దగ్గర కూడా తాత్కాలికమనే చెప్పారు కనుక, ఈ ఉదాహరణ మన ఎంపీలు, డివిజన్ అధికారులు చదవాలని కోరుకుంటున్నాను.

జనం అడ్డుకున్న చోట రద్దు ఆగింది కూడా. 2018లో సౌత్‌వెస్ట్ చీఫ్‌ను డాడ్జ్ సిటీ నుంచి ఆల్బుకర్కీ దాకా తీసేసి బస్సులు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, కాన్సాస్, కొలరాడో, న్యూ మెక్సికో ఊళ్లవాళ్లూ వాళ్ల సెనేటర్లూ పార్టీలు మరిచి ఒక్కటయ్యారు. ఆ బండి ఇవాళ్టికీ నడుస్తోంది. 2021 నవంబరులో వచ్చిన మౌలిక వసతుల చట్టం రైళ్లకు 6,600 కోట్ల డాలర్లు కేటాయించింది, అందులో 2,200 కోట్లు నేరుగా ఆమ్‌ట్రాక్‌కే. ఆ చట్టం ఆదేశించిన ప్రకారం ఫెడరల్ రైల్‌రోడ్ విభాగం అధ్యయనం చేసి, మరో 15 దూరప్రయాణపు దారులను ప్రతిపాదిస్తూ 2025 జనవరిలో నివేదిక ఇచ్చింది. రైళ్లు మూలన పడ్డాయని మన యువకులు చెబుతున్న దేశంలో జరుగుతున్నది ఇది.

తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల సింగిల్ లైనును జంట లైనుగా మార్చడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది. చిత్తూరు వాసులం ఎన్నో ఏళ్లుగా కోరుకున్న పని ఇది. రెండో లైను పూర్తయ్యాక దాని మీద వందే భారత్‌లు, గూడ్సు రేకులు ఎన్ని నడిపినా మంచిదే; చంద్రగిరిలో, పూతలపట్టులో నిలబడే పాసింజరు బండికి, సామాన్యుడు ఎక్కే స్లీపరు బండికి అందులో చోటు ముందుగా రాసిపెట్టి, టైం టేబుల్ గీసేటప్పుడే ఆ హాల్టులు చేర్చాలని రైల్వే అధికారులను కోరుతున్నాను.

అమెరికాలో ఉండి ఈ పత్రికను ఫోనులో చదివే మన పిల్లలకు ఒక విన్నపం. మీలో చాలామందికి ఇప్పుడు అక్కడ ఓటుంది. తెలుగు సంఘాల సభలకు కాంగ్రెస్ సభ్యులు వస్తారు, శాలువాలు కప్పించుకుని ఫొటోలు దిగుతారు. 1973 నాటి చట్టాన్ని అతిక్రమించిన కంపెనీ మీద ఆమ్‌ట్రాక్ తానే కోర్టుకు వెళ్లగలిగేలా అధికారం ఇచ్చే బిల్లు కాంగ్రెస్ ముందుకు ఒకటికి రెండుసార్లు వచ్చింది గానీ చట్టం కాలేదు. ఈసారి వేదిక మీదికి వచ్చిన సభ్యుడిని ఆ బిల్లుకు ఓటేస్తారా లేదా అని అడగండి. డాలస్‌లో ఉన్నవాళ్లు హ్యూస్టన్ బండి ఎప్పుడని అడగండి, కొలంబస్‌లో ఉన్నవాళ్లు 1979లో పోయిన రైలు ఎప్పుడు వస్తుందని అడగండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత రైల్వే గార్డు,
తిరుపతి